నాలుగు గళ్ళు తక్కువ

ఆ చీటీ ఇప్పటికీ నా రిజిస్టరు అట్ట లోపల ఉంది. మందుల డబ్బా అట్ట చింపి రాసిన చీటీ. దాని మీద రెండు ఇంగ్లీషు మాటలు, ఒక అంకె. ఆ అంకెను నేను గురువారం ఉదయం తొమ్మిది ఇరవైకి చదివాను. తప్పు చదివానని సాయంత్రం నాలుగు ఇరవై రెండుకు తెలిసింది. ఆ మధ్య గంటలన్నీ మా చెల్లెలి గుండె ఆ అంకె మీదే ఆధారపడి ఉంది.

ముందు నా సంగతి చెప్పాలి. మా నాన్న హౌరాలోని టికియాపారా రైల్వే యార్డులో పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. నాకప్పుడు ఆరేళ్ళు. మరుసటి ఏడు చెల్లెలు ఇక్కడే పుట్టింది. ఇప్పుడు నాకు డెబ్భై ఒకటి, దానికి అరవై నాలుగు. ఒకే ఇంట్లో ఉంటాం. నేను రైల్వే టెలిఫోన్ల విభాగంలో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. తరవాత హౌరాలో ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రివాళ్ళు పిలిచారు. వారానికి మూడు రోజులు, సోమ, మంగళ, గురు. ఆసుపత్రిలో ఉన్న నెట్‌వర్కు స్విచ్‌ల బాగోగులు చూడటం, వాటి లెక్క రాయడం నా పని.

స్విచ్ అంటే దీపం వేసేది కాదు. ఒక అంతస్తులోని తీగలన్నీ వచ్చి కలిసే ఇనప పెట్టె. నర్సుల ఫోన్లలో మాటలు, ఎక్స్‌రే బొమ్మలు, గుండె గీతలు, రోగుల చుట్టాలు చూసే వీడియోలు అన్నీ దాని గుండానే పోవాలి. రద్దీ అయినప్పుడు ఎవరిని ముందు వదలాలి, ఎవరిని నిలబెట్టాలి అన్నది మనం రూళ్ళు రాసి చెప్పాలి. ఆ రూళ్ళకు పెట్టెలో ఉన్న చోటు తక్కువ. మా నాలుగో అంతస్తు పెట్టెలో నూట ఇరవై ఎనిమిది గళ్ళు. అవి నిండితే కొత్త రూలు ఎక్కదు. ఎక్కలేదని అది అరిచి చెప్పదు. రాసిన రూలు రాసినట్టే తెర మీద కనిపిస్తుంది, పని మాత్రం చెయ్యదు. వెయిటింగ్ లిస్టు టికెట్టుతో విశాఖపట్నం బండి ఎక్కినవాడిలాంటిది. కాగితం చేతిలో ఉంటుంది, బెర్తు ఉండదు.

అందుకని ఏ రూలు ఎన్ని గళ్ళు తింటోందో రిజిస్టరులో రాసి ఉంచుతాను. ఒక్కో రకానికి ఒక గుంపు నంబరు ఉంటుంది. నర్సుల ఫోన్లు ఇరవై. గుండె మానిటర్లు నలభై. చుట్టాల వైఫై అరవై. ఎనభై ఖాళీ, ఎప్పుడైనా అవసరం పడుతుందని నేనే పక్కన పెట్టాను. ఏ రూలు తీసినా, ఏది వేసినా రెండు సంతకాలు ఉండాలన్న నియమం కూడా నేను పెట్టిందే. ఒకటి నాది, ఒకటి తీగల పని చూసే బెంగాలీ ఆయనది. ఆయనకు యాభై అయిదు దాటాయి. ఆసుపత్రంతా ఆయన్ని దాదా, అంటే అన్నయ్య, అంటుంది. నన్ను ఆయన దిది, అంటే అక్క, అంటాడు; చిన్న నర్సులు మాషీమా, అంటే పిన్ని, అంటారు.

బుధవారం ఉదయం మా చెల్లెలు బియ్యం కొలుస్తూ కొలుస్తూ వంటింట్లో కూలబడిపోయింది. మా ఇంట్లో అమ్మ తెచ్చుకున్న ఇత్తడి కొలతలు ఇంకా ఉన్నాయి. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, ఒక్కోటి ముందుదానికి రెట్టింపు. చెల్లెలు వాటితోనే కొలుస్తుంది. తవ్వ చేతిలో ఉండగానే పడింది. నేను వచ్చేసరికి కళ్ళు తెరిచే ఉంది, చుట్టూ బియ్యం.

"ఏటయిందే?"

"ఏటీ కాలేదు. ఒకపాలి చీకటయిపోయింది, అంతే. ముందు గింజలు లెక్కెట్టుకోప్పా, తవ్వకి ఎన్ని తగ్గేయో."

మా వైపు అక్కను అప్ప అంటాం. అది నన్ను ఎగతాళి చేస్తోందంటే ప్రాణం బాగానే ఉందనుకున్నాను. టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కించుకుని నేను పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పరీక్ష చేసి, గుండె మధ్యమధ్యలో ఆగి మళ్ళీ అందుకుంటోందని చెప్పింది. ఎంతసేపు ఆగుతోందో రెండు రోజులు చూడాలి. ఎక్కువ ఆగితే పేస్‌మేకరు పెట్టాలి. అందాకా నాలుగో అంతస్తులో, తొమ్మిదో మంచం మీద, మానిటరు కింద ఉండాలి. మూడు సెకన్లకు మించి ఆగితే నర్సుల బల్ల దగ్గర బెల్లు మోగుతుంది. మోగగానే వాళ్ళు పరుగెత్తుతారు.

"మోగగానే" అన్న మాట ఆవిడ మామూలుగానే అంది. నాకు మాత్రం ఆ బెల్లు ఏ దారిలో వస్తుందో తెలుసు. నా పెట్టె గుండా వస్తుంది.

మర్నాడు ఉదయమే నాలుగో అంతస్తులో పాత మానిటర్లు తీసేశారు. అవి గోడకు తీగతో ఉండేవి. కొత్తవి నడుముకు కట్టుకునే బెల్టులు, తీగ లేదు, పైకప్పులో ఉన్న డబ్బాతో మాట్లాడతాయి. గురువారం తొమ్మిది గంటలకు మొదటి బెల్టు మా చెల్లెలికే కట్టారు. తొమ్మిది ఇరవైకి దాదా మెట్ల కింద ఉన్న నా గదికి చీటీ పంపాడు. కొత్త మానిటర్లను ఏ గుంపులో కలిపాడో అందులో ఉంది. MONITOR NEW అని ఇంగ్లీషులో రాసి, పక్కన ఒక అంకె వేశాడు.

ఎనభై అని చదివాను.

ఆశ్చర్యం కలగలేదు. కొత్త సామాను, ఖాళీగా ఉన్న కొత్త నంబరు, సబబే కదా అనుకున్నాను. ఇక నలభైలో ఎవరూ లేరని, ఆ గుంపుకున్న ఎనిమిది గళ్ళ పాత రూళ్ళు తీసేశాను. ఎనభైకి కొత్త రూళ్ళు రాశాను. కొత్త మానిటర్లు ఏ నంబరు దారుల్లో మాట్లాడతాయో వాటితో వచ్చిన పుస్తకంలో ఉంది. ఆరు వేల ఒకటి నుంచి ఆరు వేల పద్నాలుగు దాకా, పద్నాలుగు దారులు. సరిగ్గా అంతే రాశాను, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. బెల్లుకు ఒక రూలు, గీతకు ఒక రూలు. రెండు రూళ్ళు కనుక రెండు గళ్ళు అనుకున్నాను. రిజిస్టరులో "వాడినవి నూట ఇరవై రెండు, మిగులు ఆరు" అని రాసి సంతకం చేశాను.

దాదా వచ్చి చదవకుండానే సంతకం పెట్టాడు.

"చూడు దాదా," అన్నాను.

"దిది రాసింది చూడాలా? సూర్యుడు తూర్పున ఉన్నాడో లేదో కూడా చూడమంటారా?" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ మాట విని నాకు సంతోషం వేసింది. అది కూడా రాయాలి కనుక రాస్తున్నాను.

రోజంతా ఏమీ తెలియలేదు. తీగల్లో రద్దీ లేనంతసేపూ ముందు వెనకలు అక్కర్లేదు, అందరూ సాఫీగా పోతారు. నాలుగు గంటలకు చుట్టాలను లోపలికి వదులుతారు. వాళ్ళు వస్తూనే ఫోన్లు తీస్తారు. ఊళ్ళో ఉన్నవాళ్ళకు రోగి మొహం వీడియోలో చూపిస్తారు, పిల్లల చేతిలో బొమ్మల వీడియో పెట్టి కూర్చోబెడతారు. అదంతా మానిటర్లు మాట్లాడే డబ్బా గుండానే, నా పెట్టె గుండానే పోవాలి.

నాలుగూ పదికి నేను పైకి వెళ్ళి నర్సుల బల్ల పక్కన నిలబడ్డాను. అద్దంలోంచి తొమ్మిదో మంచం కనిపిస్తుంది. బల్ల మీద తెరలో తొమ్మిది గీతలు, ఆకుపచ్చగా. చెల్లెలు నన్ను చూసి చెయ్యి ఊపింది. తరవాత గుండె మీద అంటించిన బిళ్ళ దురద పెట్టిందో ఏమో, గోకింది. బిళ్ళ ఊడిపోయింది. దాని నడుము దగ్గర బెల్టు దీపం ఎర్రగా వెలిగింది.

తెర మీద దాని గీత మాత్రం ఆకుపచ్చగా నడుస్తూనే ఉంది.

నాకు లెక్కపెట్టడం అలవాటు. మెట్లు లెక్కపెడతాను, రెండో హుగ్లీ వంతెన మీద స్తంభాలు లెక్కపెడతాను. ఒకటి, రెండు, మూడు. దీపం ఎర్రగానే ఉంది. గీత కొండలూ లోయలూ ఎక్కుతూ దిగుతూ నిక్షేపంగా పోతోంది. ఊడిపోయిన బిళ్ళలోంచి గుండె ఎలా కనిపిస్తుంది? అది ఇప్పటి గుండె కాదు. కాసేపటి కిందటిది. ఏడు, ఎనిమిది. తొమ్మిది, పది, పదకొండు. అప్పుడు మోగింది బెల్లు.

చిన్న నర్సు వెళ్ళి బిళ్ళ అతికించి వచ్చింది. "ఏం లేదు మాషీమా, స్టిక్కరే," అంది నన్ను చూసి. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు.

"పదకొండు పట్టింది," అన్నాను.

"ఏమిటి పదకొండు?"

"సెకన్లు. ఈ గంట అయ్యేదాకా తెర నమ్మకండి. మంచాల మధ్య తిరగండి, బెల్టు దీపాలు చూడండి. పెద్ద సిస్టరుకు నేను చెప్పానని చెప్పండి."

ఆ పిల్ల ప్రశ్న వెయ్యకుండా లేచింది. తొమ్మిది మంచాలు, ఇద్దరు నర్సులు. ఒకరు ఒక మంచం దగ్గర వంగి ఉంటే మిగతా ఎనిమిదికీ ఒక్కరే.

మెట్ల కిందికి ఎలా దిగానో గుర్తులేదు. ఇరవై రెండు మెట్ల చొప్పున నాలుగు వరసలు, ఆ రోజు ఒక్కటీ లెక్కపెట్టలేదు. తెర ముందు కూర్చుని ఎనభై గుంపు చూశాను. ఉదయం నుంచి ఆ గుంపులో వచ్చినవి సున్నా, పోయినవి సున్నా. తొమ్మిది మానిటర్లు ఏడు గంటలుగా పనిచేస్తుంటే సున్నా ఎలా అవుతుంది? దాదాకు ఫోను చేశాను. ఆయన పరుగున వచ్చాడు. చీటీ చేతిలో పెట్టాను.

"ఇదేమిటి?"

"కొత్త మానిటరు."

"అంకె?"

"చల్లిష్."

అంటే నలభై.

"దాదా, ఇక్కడ ఎనభై ఉంది."

ఆయన చీటీ కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. "దిది, ఇది చార్! మన చార్!"

బెంగాలీ నాలుగు అచ్చం ఇంగ్లీషు ఎనిమిదిలాగే ఉంటుంది. ৪০ అని రాస్తే బెంగాలీ వాడికి నలభై, మిగతా లోకానికి ఎనభై. ఇది నాకు తెలియక కాదు. అరవై అయిదేళ్ళుగా బస్సుల నంబర్లు ఆ లిపిలోనే చదువుతున్నాను, ఒక్కసారి తప్పు బస్సు ఎక్కలేదు. పక్కన ఇంగ్లీషు మాటలు ఉండటంతో నా కన్ను ఇంగ్లీషులో పడిపోయింది. మాటలు ఇంగ్లీషులో రాసిన ఆయన చెయ్యి అంకె దగ్గరికి వచ్చేసరికి చిన్నప్పటి బడికి పోయింది. నలభై గుంపు కాపలా తీసేసి, ఎవరూ లేని ఎనభైకి కాపలా పెట్టాను.

నాలుగు ఇరవై ఆరుకు నంబరు మార్చి రూళ్ళు మళ్ళీ వేశాను. తెర ఒప్పుకుంది. ఉదయం కూడా ఇలాగే ఒప్పుకుందని అప్పుడు గుర్తొచ్చింది. ఈసారి గళ్ళ లెక్క తెరిచాను. వాడినవి నూట ఇరవై.

నూట ఇరవై రెండు ఉండాలి. మానిటర్ల రూళ్ళు ఒక్కటీ ఎక్కలేదు. ఉదయం కూడా ఎక్కలేదు. తప్పు గుంపుకు పెట్టాననుకున్న కాపలా కూడా అసలు లేదు.

దాదా నీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టాడు, నేను మూత తియ్యలేదు. ఎందుకు ఎక్కలేదో వెతికితే తెలిసింది. పద్నాలుగు దారులను నేను ఒక వరసలో రాసినా పెట్టె ఒక గడిలో పెట్టుకోలేదు. దానికి ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు తప్ప వేరే కొలత లేదు. ఒకటి నుంచి పద్నాలుగు అంటే దాన్ని ఒకటి, రెండు, నాలుగు, నాలుగు, రెండు, ఒకటి అని ఆరు ముక్కలు చేస్తుంది. బెల్లుకు ఆరు, గీతకు ఆరు, మొత్తం పన్నెండు గళ్ళు. ఉన్నవి ఎనిమిది. నాలుగు గళ్ళు తక్కువ. ఒక గుంపు రూళ్ళన్నీ ఒకేసారి ఎక్కాలి, లేకపోతే ఒక్కటీ ఎక్కదు.

ఒక లైను అంటే ఒక గడి అనుకోవడం ఈ పనిలో మొదటి ఏడాది వాళ్ళు చేసే తప్పు.

నాలుగు గళ్ళు ఎక్కడివి? చుట్టాల వైఫై ఆపేద్దామంటే దాని పాస్‌వర్డు కాంట్రాక్టరు దగ్గర ఉంది. దాదా మూడుసార్లు చేశాడు, ఎత్తలేదు. నర్సుల ఫోన్లలోంచి తీస్తే డాక్టరును పిలిచే మాట తెగిపోతుంది. ఆ అంతస్తు చివర సూపరింటెండెంటు గారి మీటింగు గది ఉంది. దాని వీడియోకు సరిగ్గా నాలుగు గళ్ళు ఇచ్చి ఉన్నాను. ఆ గళ్ళు తీసుకుంటానని నాలుగు ముప్పై అయిదుకు ఆయనకు ఫోను చేశాను.

"ఢిల్లీ వాళ్ళు లైనులో ఉన్నారు మేడం. అరగంట తరవాత తీసుకోండి."

"అరగంట ఆగే పని కాదు సార్. మానిటర్ల బెల్లు ఆలస్యంగా వస్తోంది."

"మోగుతోందా లేదా?"

"మోగుతోంది, కానీ..."

"మోగుతోంది కదా. అరగంట." పెట్టేశారు.

దాదా "తీసెయ్యండి దిది, చూద్దాం ఏం చేస్తాడో," అన్నాడు. తీసెయ్యచ్చు. ఉదయం రెండు సంతకాలతో ఒకటి తీశాను, ఏమయిందో చూశాను. ఇప్పుడు భయంలో ఇంకొకటి తీస్తే అది ఎక్కడ తగులుతుందో తెలియదు. వేలు కీబోర్డు మీద ఉంది, నొక్కలేకపోయాను. అయిదు నిమిషాలు పోయాయి. లేచి పైకి వెళ్ళాను. ముందు దాని బెల్టు దీపం నా కళ్ళతో చూడాలనిపించింది.

దీపం ఆకుపచ్చగా ఉంది. చెల్లెలు దిండుకు ఆనుకుని కమలాపండు ఒలుచుకుంటోంది.

"ఏటప్పా, చెల్లిని చూడ్డానికి వచ్చేవా, మీటరు చూడ్డానికి వచ్చేవా? వచ్చిన కాడి నుంచి నడుం కేసే చూస్తన్నావు."

"ఊరుకో. ఎలా ఉంది?"

"నాకు బాగుంది. నీకే బాగోలేదు. మొహం సున్నం కొట్టినట్టుంది. ఏటయింది?"

చెప్పకూడదనుకున్నాను. భయపెట్టకూడని మనిషి. కానీ అరవై నాలుగేళ్ళలో దాని దగ్గర నేను దాచగలిగింది ఏమీ లేదు. "లెక్క కుదరట్లేదు," అన్నాను. "పద్నాలుగు పట్టాలి. ఒకటి, రెండు, నాలుగు, నాలుగు, రెండు, ఒకటి అని ముక్కలవుతోంది. చోటు నాలుగు తక్కువ."

అది తొన నోట్లో వేసుకుని వేళ్ళు మడిచింది. "సోల, తవ్వ, మానిక, మానిక, తవ్వ, సోల," అంది. "కుంచానికి రెండు సోలలు తక్కువ."

నేనూ వేళ్ళ మీద కూడి చూశాను, పద్నాలుగే.

"అమ్మయితే ఏటి చేసీది? పక్కింటామె పద్నాలుగు సోలలు బదులడిగితే ఇన్నిసార్లు కొలిచీదా? నిండు కుంచం ఒక్కపాలి పోసీసి, పైది కొసరనుకో తల్లీ అనీది. నీకు కొసరెయ్యడం ఎప్పుడొచ్చింది గనక? కూరలవాడు మిరపకాయలు ఎక్కువేస్తే తిరిగిచ్చీసే మనిషివి."

కుంచం అంటే పదహారు సోలలు. ఆరు వేల నుంచి ఆరు వేల పదిహేను దాకా రాస్తే సరిగ్గా పదహారు దారులు, పెట్టెకు ఒకే కొలత. బెల్లుకు ఒక గడి, గీతకు ఒక గడి. నేను పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, ఆ చివర ఒకటి ఈ చివర ఒకటి ఎవరివీ కాని దారులు వదిలేసి రాశాను కనుక ఆరు ముక్కలయింది.

"బిళ్ళ గోక్కోకు," అన్నాను. "నేను కింద నుంచి ఫోను చేసినప్పుడు మాత్రం ఒకసారి పీకు. చేసేదాకా ముట్టుకోకు."

"నా గుండె కూడా నీ టైముకే నడవాలేటి," అంది.

కింద కూర్చుని, ఆరు వేలు, ఆరు వేల పదిహేను అన్న ఆ రెండు దారులు నాలుగో అంతస్తులో ఇంకెవరైనా వాడుతున్నారేమో రిజిస్టరంతా వెతికాను. ఎవరూ వాడట్లేదు. ఈసారి అంకెలు దాదాను పైకి చదవమన్నాను, మాటల్లో, ఒక్కొక్కటే. ఆయన చదివాడు, నేను కొట్టాను. నలభై. ఆరు వేలు. ఆరు వేల పదిహేను. నాలుగు యాభై రెండుకు గళ్ళ లెక్క తెరిచాను. వాడినవి నూట ఇరవై రెండు, మిగులు ఆరు. ఉదయం నేను రిజిస్టరులో రాసిన లెక్క సాయంత్రానికి నిజమయింది.

వెంటనే ఫోను చెయ్యలేదు. నలభై గుంపు ముందు పోతోందా లేదా అని పది నిమిషాలు తెర మీద చూశాను. పోతోంది. వైఫై వెనక నిలబడుతోంది, గుండె గీతలు ముందు పోతున్నాయి. అయినా కళ్ళతో చూడాలి. మెట్లెక్కి నర్సుల బల్ల దగ్గరికి వెళ్ళి ఫోను తీశాను. చెల్లెలి నంబరు వెతుకుతుండగా బెల్లు మోగింది.

తొమ్మిది. తెర మీద తొమ్మిదో గీత సాపుగా ఉంది.

ఆగమన్నా ఆగదు, పీకేసింది అనుకున్నాను. కోపం కూడా వచ్చింది. ఆ కోపంతోనే అద్దంలోంచి చూశాను. బిళ్ళ దాని చోటులోనే ఉంది. కమలాపండు తొక్క నేల మీద పడి ఉంది. చెల్లెలి తల దిండు మీంచి పక్కకు వాలిపోయి ఉంది.

చిన్న నర్సు అప్పటికే సగం దూరంలో ఉంది. ఆమె వెనక పెద్ద సిస్టరు. సిస్టరు చెల్లెలి గుండె మీద చేతులు వేసి నొక్కుతూ పేరు పెట్టి పిలుస్తోంది. నేను అద్దం పట్టుకుని నిలబడ్డాను. ఒకటి దగ్గర లెక్క మొదలుపెట్టాను. రెండు రాలేదు. ఆ ఒక్కసారి నా జీవితంలో అంకెలు గుర్తురాలేదు.

డాక్టరమ్మ వచ్చింది. తెర గీత ఒకసారి లేచింది, పడుకుంది, మళ్ళీ లేచింది, ఇక నడిచింది. అరగంట తరవాత ఆవిడ బయటికి వచ్చి, తాత్కాలికంగా గుండెను నడిపించే తీగ పెట్టామని, శనివారం పేస్‌మేకరని చెప్పింది. "నర్సులు వెంటనే అందుకున్నారు," అంది. మోగినప్పుడు బల్ల మీద గడియారం అయిదూ నాలుగు.

శనివారం పేస్‌మేకరు పెట్టారు. సోమవారం నేను రిజిస్టరు తెరిచి గురువారం ఉదయం రాసిన వరస కొట్టేసి, కింద జరిగింది జరిగినట్టు రాశాను. తప్పు చదివింది ఎవరు, గళ్ళు చూడకుండా సంతకం చేసింది ఎవరు. రెండూ నేనే. చీటీలో అంకె తనది, తప్పూ తనదే అని దాదా పట్టుపట్టాడు.

"నాలుగు నాలుగుగానే రాశావు. ఎనిమిదిగా చదివింది నేను."

"చదవకుండా సంతకం పెట్టింది నేను దిది," అన్నాడు. ఈసారి ప్రతి అక్షరం వేలు పెట్టి చదివి, ఆరు వేలు, ఆరు వేల పదిహేను పక్కన తెలుగులో రాసిన మాట దగ్గర ఆగాడు. ఏమిటని అడిగాడు. కొసరు అని చెప్పాను. ఆయనకు వెంటనే తెలిసింది. "ఫావు!" అన్నాడు, చేపలవాడు పైన వేసే చిన్న చేప గుర్తొచ్చిందట. అంకెలు ఇప్పుడు ఇద్దరం మాటల్లో రాస్తున్నాం.

చెల్లెలికి అంతా బుధవారం ఇంటికి తెచ్చాక చెప్పాను. చీటీ, ఎనభై, పదకొండు సెకన్లు, సూపరింటెండెంటు గారు అన్నీ. అది వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని విన్నది. నేను కుంచం బోర్లించి, తవ్వ చేతిలో పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"ఉదయం తొమ్మిది ఇరవై నుంచి నాలుగు యాభై రెండు దాకా," అన్నాను, "ఏడు గంటల ముప్పై రెండు నిమిషాలు నీకు కాపలా లేదు. నేను తీసేశాను. అయిదూ నాలుగుకు నీ గుండె ఆగింది. మధ్యలో పన్నెండు నిమిషాలు. నాలుగూ పదికి ఆగి ఉంటే..."

మాట పూర్తి చెయ్యలేకపోయాను. గురువారం నుంచి ఎవరి దగ్గరా పూర్తి చెయ్యలేకపోతున్నాను.

భయపడిందేమో అనుకున్నాను. అది చెయ్యి చాచి నా చేతిలో తవ్వ తీసుకుంది.

"పన్నెండు నిమిషాలు కొసరనుకో అప్పా," అంది. "లే, బియ్యం కొలుద్దాం."

కొలిచింది. తవ్వ మీద గోపురంలా నిలిచిన గింజలను నేను ఎప్పుడూ చేత్తో తుడిచేసి సాపు చేస్తాను. ఆ రోజు చెయ్యి పైకి లేవలేదు. అవి అలాగే గిన్నెలోకి పోయాయి.